రోగి యడుగని ప్రశ్న, వైద్యుడు చెప్పని మాట

ఈ సంచికలో ఊరగాయలనుగూర్చి వ్రాయుదుమని మాట యిచ్చియుంటిమి. ఆ మాట చెల్లించుకొనలేకపోయినందుకు సోదరీమణులు క్షమింతురుగాక. మాగాయ ప్రసక్తి యీ వ్యాసమునందును వచ్చును గాని, యే పాళ్ళలో కారము కలుపవలయునో చెప్పుటకు గాదు.

మా పెదతండ్రిగారి కుమార్తె, మాకు అక్కగారు, 68 ఏండ్ల వయస్సుగలది, మూత్రపిండములు రెండును చెడి మూడేండ్లుగా డయాలిసిస్ చేయించుకొనుచున్నది. మంగళ శుక్రవారములయందు తెల్లవారకమునుపే లేచి, కుమారునితో బస్సెక్కి, పట్టణములోని ఆసుపత్రికి పోవును. పాశ్చాత్యదేశములలో వారమునకు మూడుమారులు చేయు నీ చికిత్స, మనవైపున వ్యయమునకును దూరమునకును వెరచి పెక్కురు రెండుమారులతోనే సరిపెట్టుకొనుచున్నారు. ఎడమచేతిలో రెండు రక్తనాళములను కలిపి వైద్యులు కుట్టినచోట రెండు లావుపాటి సూదులు గ్రుచ్చుదురు. ఒకదానినుండి రక్తము వెలికివచ్చి, యంత్రమునకు తగిలించిన వడపోతలో శుద్ధియై, రెండవదానినుండి మరల లోనికి పోవును. నాలుగు గంటలసేపు కదలక పరుండవలయును. యంత్రము లేనప్పుడుగూడ ఆ చేతిమీద వ్రేళ్ళుంచినచో తుమ్మెదరొదవంటి కంపనము తెలియును. ఆ చేతికి బిగువైన గాజులు పనికిరావు. ఆ చేత బిందె మోయరాదు. ఆ చేతినుండి పరీక్షకు రక్తము తీయరాదు. ఇల్లు చేరిన సాయంకాలమంతయు సోలిపోయి పండుకొనును. మరునాడు మాత్రము పెరటిలో పూలు కోయుచు కనబడును.

కొన్నినెలలక్రిందట ఆమెవెంట మేమును ఆసుపత్రికి పోయితిమి. వైద్యురాలు ఆమె కుమారుని వరండాలోనికి పిలిచి మాటాడినది. మేమును ప్రక్కనే నిలిచి వింటిమి. గుండె మిక్కిలి బలహీనముగా నున్నదనియు, కిడ్నీ మార్పిడికి శరీరము తాళదనియు, ఒక యేడాది గడచునని గట్టిగా చెప్పలేననియు ఆమె చెప్పినది. లోనికి వచ్చినతోడనే అక్కగారు మమ్మడిగినది.

“ఏమన్నదే డాక్టరమ్మ?”

“ఏమున్నదక్కయ్యా! అంతయు బాగుగనే యున్నదన్నది. వచ్చే వేసవికి మా అందరికి మాగాయ నీవే పెట్టుదువు” అంటిమి.

అక్కగారు మా ముఖమువంక ఒక్కక్షణము చూచి దుప్పటి సవరించుకొనినది. అబద్ధమాడితిమని మాకప్పుడు తోచలేదు. రోగియొద్ద శుభమే పలుకవలయునని మా అమ్మగారు నేర్పిన మర్యాదను పాటించితిమనియే యనుకొంటిమి.

ఆ తరువాత నీ వ్యాధినిగూర్చి దొరికినంతవరకు చదివితిమి. మా యింటివారు ఆంగ్లమునందలి గట్టి పట్టులను వివరించిరి. చదివినకొలది ఆనాటి మర్యాద మమ్ము బాధింపసాగినది.

ఈ యంత్రముయొక్క పుట్టుక విచిత్రమైనది. 1943లో జర్మనులు హాలండును ఆక్రమించియున్న దినములలో, కాంపెన్ అను చిన్నపట్టణమున విలెం కోల్ఫ్ అను యువవైద్యుడు మాంసపుపేగులలో వంటకమును నింపుటకు వాడు పలుచని కాగితపుగొట్టమును కొయ్యపీపాకు చుట్టి, దానిని ఉప్పునీటిలో త్రిప్పుచు రోగి రక్తమును శుద్ధిచేయ యత్నించెను. మొదటివారిలో ఇంచుమించు అందరును మరణించిరి. 1945లో బ్రదికి బయటపడిన తొలిరోగి 67 ఏండ్ల స్త్రీ. అయినను ఆ యంత్రము కొలదిదినముల ఆపదను దాటించుటకే పనికివచ్చెను; చికిత్స జరిగినప్పుడెల్ల క్రొత్త రక్తనాళమును కోయవలసివచ్చెడిది. 1960లో అమెరికాలోని సియాటిల్ నగరమున బెల్డింగ్ స్క్రిబ్నర్ అను వైద్యుడు చేతిలోనే యుంచివేయదగిన గొట్టమును కనిపెట్టిన పిమ్మటనే యేండ్లతరబడి యీ చికిత్స సాగుట సాధ్యమైనది. అప్పుడు యంత్రములు తక్కువ, రోగులెక్కువ. ఎవరిని బ్రదికింపవలయునో తేల్చుటకు ఆ యూరి గృహస్థులతో నొక సంఘమును నియమించిరి. వారు రోగియొక్క ఉద్యోగమును, సంతానమును, గుడికి పోవు అలవాటునుగూడ విచారించి కొందరిని ఏరుకొనుచుండిరి. 1962లో ఒక పత్రికలో నీ సంగతి వెల్లడికాగా దేశమంతట అలజడి పుట్టెను. 1972లో ఆ ప్రభుత్వము చట్టముచేసి యీ వ్యాధిగ్రస్తులలో ఇంచుమించు అందరికిని చికిత్స వ్యయమును తానే భరింప సిద్ధపడెను. మన తెలుగునాట 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీవలనను, 2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన డయాలిసిస్ పథకమువలనను బీదలకును యంత్రము కొంత అందుబాటులోనికి వచ్చినది.

ఎవరికి యంత్రము దొరకునను ప్రశ్న యట్లు కొంత తీరినది. దొరికినవారు ఎంతకాలము, ఏ విధముగా బ్రదుకుదురను ప్రశ్న మాత్రము ఎవరి నోటను రాకుండ నిలిచిపోయినది.

2013లో అమెరికాలోని బోస్టను వైద్యులు కొందరీ మౌనమునే పరీక్షింప బూనిరి. డయాలిసిస్ చేయించుకొనువారిలో వ్యాధి మిక్కిలి ముదిరినవారిని 62 మందిని విడివిడిగా ప్రశ్నించి, వారి వైద్యులనుగూడ అవే సంగతు లడిగిరి. ఇంకొక యేడాది జీవించియుందుటకు మీకు ఎంత అవకాశమున్నదని యడుగగా, నూటికి 81 మంది రోగులు నూటికి తొంబదిపాళ్ళుగాని అంతకు మించిగాని కలదని చెప్పిరి. వైద్యుల అంచనా అంతకంటె చాల తక్కువగా నుండెను. కిడ్నీ మార్పిడికి తాము తగుదుమని రోగులలో నూటికి 66 మంది నమ్మిరి. వైద్యులు 39 మందియే తగుదురనిరి. ఈ అంకెలకంటె మమ్మెక్కువగా కలచినది మరొకటి కలదు. రోగి యెంత పట్టుపట్టి యడిగినను ఆయుఃపరిమాణమునుగూర్చి యే అంచనాయు చెప్పమని, నూటికి 60 మంది రోగుల విషయమున వైద్యులు ఒప్పుకొనిరట.

ఇక జరిగినదేమి? ఏడాది గడచునప్పటికి నూటికి 93 మంది బ్రదికియుండిరి. అనగా మొదటి యేటివరకు రోగుల మాటయే నెగ్గినది. ఇది చదివి మేము లోలోపల సంతోషించితిమి. కాని 23 నెలలు నిండునప్పటికి నూటికి 56 మందియే మిగిలిరి. రోగులు పొరపడినది మొదటి యేటిలో గాదు, రెండవయేటిలో. దీపము వెలుగుచున్నదను మాట నిజమే. చమురెంత యున్నదో చూచినవారు లేరు.

చమురు లెక్క తెలిసినచో లాభమేమి, ఉన్న ధైర్యము పోవుటతప్ప, అని మా బావగారొకరు వాదించిరి. ఆ బోస్టనువారే దీనికి కొంత సమాధాన మిచ్చియున్నారు. ఏడాది తప్పక బ్రదుకుదుమని నమ్మినవారిలో నూటికి 44 మంది, బాధ యెక్కువైనను సరే ఆయువు పొడిగించు చికిత్సయే కావలెననిరి. అంత నమ్మకము లేనివారిలో అట్లన్నవారు నూటికి 9 మంది. రోగులు కొలదిమందియే గనుక ఈ లెక్కను శాసనముగా తీసికొనరాదు. అయినను తెలిసినవాని కోరిక వేరు, తెలియనివాని కోరిక వేరు అని తెల్లమగుచున్నది. తెలియనివానిచేత ఎన్నుకొనజేసి, అది వాని యిష్టమేనని మనము చెప్పుకొనుచున్నాము.

2010లో కెనడాదేశమున 584 మంది రోగులను విచారించిన లెక్క మరింత కఠినముగా నున్నది. వారిలో డయాలిసిస్ మొదలుపెట్టినందుకు పశ్చాత్తాపపడుచున్నామన్నవారు నూటికి 61 మంది. ఎందులకు మొదలుపెట్టితిరనగా, సగమునకు మించినవారు వైద్యుని కోరిక యనిరి. నూటికి 14 మంది ఇంటివారి కోరిక యనిరి. ఇంటివారనగా మనమే గదా! ‘నాకొరకు చేయించుకొనుమమ్మా’ యని కుమార్తె కన్నీరు పెట్టుకొనినప్పుడు ఏ తల్లి కాదనగలదు?

ఈ మాటలనుబట్టి యంత్రము కీడని ఎవ్వరును తలంపరాదు. నడివయస్సువారును, ఇతర వ్యాధులు లేనివారును దీనితో ఇరువదియేండ్లు, అంతకుమించియు జీవించి పిల్లల పెండ్లిండ్లు చేసినవారు కలరు. ఏండ్లు పైబడి, గుండెజబ్బును మధుమేహమును తోడైనవారికి లాభము మిక్కిలి కుంచించును. అట్టివారికి యంత్రముజోలికి పోక, ఆయాసమును దురదను వాపును మందులతో ఉపశమింపజేయుచు ఇంటిపట్టుననే కనిపెట్టి చూచు పద్ధతియు కలదు. ఆంగ్లదేశమున దీనికి ప్రత్యేకవైద్యశాఖలు నడచుచున్నవి. మనయొద్ద ఈ రెండవదారి యున్నదని చెప్పువారే అరుదు.

వైద్యులను నిందించుట సులభము. వారి పక్షమునుగూడ వినవలయును. ఏ రోగి యెన్నినాళ్ళుండునో వారికిని నిశ్చయముగా తెలియదు. తప్పు చెప్పుదుమను భయము వారిని వెన్నాడును. ఒక్కపూటలో నలుబదిమందిని చూడవలసిన వైద్యునకు ఒక్కరియొద్ద అరగంట కూర్చుండి మృత్యువునుగూర్చి మాటాడుటకు తీరికయేది? అయినను వారి మనస్సునకు తెలియకపోలేదు. 2008లో అమెరికా వైద్యులకొక చిన్నప్రశ్న నిచ్చి చూచిరి: “ఈ రోగి యేడాదిలోపల మరణించినచో మీకు ఆశ్చర్యము కలుగునా?” ఆశ్చర్యము కలుగదని వైద్యులు చెప్పిన రోగులలో ఏడాదిలో మరణించినవారు నూటికి సుమారు 29, కలుగునని చెప్పినవారిలో సుమారు 11. అనగా వైద్యుని మనస్సులో కొంత లెక్క యున్నది. అది మనస్సునందే యుండును, లేదా వరండాలో కుమారుని చెవిని పడును. ఎవరి ప్రాణమునుగూర్చిన లెక్కయో వారి మంచముదాక అది నడచిరాదు.

మన పురాణములలోను ఇట్టి లెక్క లున్నవి. సత్యవంతునకు ఏడాదియే ఆయువని నారదుడు చెప్పగా విన్నది సావిత్రి, ఆమె తండ్రి. సత్యవంతునకు ఎవ్వరును చెప్పలేదు. ఆ పతివ్రత ఒంటరిగా దినములు లెక్కించుకొనుచు, చివరి మూడురాత్రులు ఉపవాసముండి, కట్టెలకు పోవు భర్తవెంట అడవికి నడచినది. చిన్నప్పుడు మా తాతగారియొద్ద ఈ కథ చదువుకొనినప్పుడు సావిత్రి ధైర్యమునకే మురిసితిమి. ఆ యేడాదిలో ఒక్కనాడైన సత్యవంతుడు, ‘ఎందుకట్లు నావంక చూచుచున్నావు?’ అని యడిగియుండడా యని మొన్న మొదటిసారిగా తోచినది. యముని మెప్పించి ప్రాణములు తెచ్చు వాక్చాతుర్యము మనకు లేదు గాని, దాచుటమాత్రము ఆమెనుండి చక్కగా నేర్చుకొంటిమి. పరీక్షిత్తు కథ దీనికి వేరు. ఆయనకు ఏడుదినముల గడువని తెలియజేసిరి. తెలిసినపిమ్మట ఆయన ఎక్కడ కూర్చుండవలయునో, ఎవరిని వినవలయునో తానే నిర్ణయించుకొనెను.

తెలియకపోవుటవలన వంటయింటిలోను చిక్కులు గలవు. రోగికి చలువయని కొబ్బరినీళ్ళు, బలమని అరటిపండు పెట్టుట మనకు అలవాటు. మూత్రపిండములు చెడినవారికి ఈ రెంటిలోని పొటాసియము రక్తములో పేరుకొని గుండెను నిలిపివేయగలదు. ఉప్పునకు బదులుగా అమ్ము తక్కువ సోడియపు ఉప్పులలోను ఆ పొటాసియమే యుండును. కూరగాయలను సన్నగా తరిగి, ఎక్కువనీటిలో నాననిచ్చి లేదా ఉడికించి, ఆ నీరు పారబోసి వండినచో కొంత మేలు. దాహము తీరునంత నీరు త్రాగుటకును వీలులేదు; రెండు చికిత్సలనడుమ ఒంటిలో చేరిన నీటినంతయు యంత్రము లాగివేయవలయును, ఎక్కువ లాగినకొలది కండరములు పట్టి, కండ్లు తిరుగును. వ్యాధి యెక్కడున్నదో చెప్పినవారికి పథ్యమెందులకో చెప్పనక్కరలేదు. మా అక్కగారు మూడేండ్లు ఊరగాయ ముట్టలేదు. ఎందులకు ముట్టలేదని యడిగినచో, “కిడ్నీ దొరికినదాక ఓర్చుకొందును” అనెడిది.

మాకు నిద్రపట్టకుండ జేసినది ఆ మాటయే. ఆమె చెల్లెలు కోనసీమలో ఒక పల్లెయందున్నది. మోకాళ్ళు పట్టి బస్సెక్కలేదు. ఇద్దరును కలిసికొని నాలుగేండ్లయినది. పోయివత్తువా యని ఎవరడిగినను, కిడ్నీ మార్పిడి కానిమ్ము, నెలదినములు పోయి కూర్చుందునని అక్కగారు వాయిదా వేయుచుండెను. ఆమె పేరు ఏ జాబితాలోను లేదు. ఆ సంగతి కుమారునకు తెలియును, కోడలికి తెలియును, మాకు తెలియును. బోస్టను లెక్కలో 66కును 39కిని నడుమనున్న మనుష్యులలో మా అక్కగారొకతె.

ఆమె కుమారునితో మాటాడితిమి. “అమ్మకు చెప్పినచో ఆ రాత్రియే గుండె ఆగిపోవును పిన్నీ!” యని అతడు చేతులు పట్టుకొనినాడు. అతని ప్రేమను శంకింపలేము. రెండువారములు తర్జనభర్జన జరిగినది. మేము చెప్పవద్దు, మీరు చెప్పవద్దు, ఆమెనే అడుగుమని వైద్యురాలిని కోరుదమంటిమి. అతడు కడకు తల యూపెను.

వైద్యురాలు మంచముప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండి నెమ్మదిగా అడిగినది. “అమ్మా, మీ ఆరోగ్యమునుగూర్చి మీకెంతవరకు తెలిసికొనవలెనని యున్నది? అంతయు చెప్పమందురా, మీ అబ్బాయిగారికి చెప్పిన చాలునందురా?”

తెలియనక్కరలేదను రోగులును కలరట. వారిని బలవంతపెట్టరాదని ఆమె మాకు ముందే చెప్పియుండెను. అక్కగారు కుమారునివంక చూచి, “వాడికి చెప్పినదంతయు వాడి ముఖముమీదనే యున్నది తల్లీ. మిగిలినది నీవు చెప్పు” అన్నది.

ఆమె చెప్పినది. గుండె సంగతి చెప్పినది. మార్పిడి వీలుపడదని చెప్పినది. ఈ స్థితిలో కొందరు నెలలును, కొందరు రెండుమూడేండ్లును ఉందురనియు, తారీఖు తనకు తెలియదనియు చెప్పినది. కుమారుడు గోడవైపు తిరిగెను. అక్కగారు చాలసేపు మాటాడలేదు. యంత్రము తన పాటికి తిరుగుచుండెను. తరువాత ఆమె మూడు సంగతులడిగినది.

సూదులు గ్రుచ్చునప్పటి నొప్పి తగ్గుటకేమైన కలదా యని మొదట అడిగినది. పైపూతమందు కలదని వైద్యురాలు చెప్పినది. మూడేండ్లలో ఈ చిన్నమాట ఎవ్వరు నడుగలేదు, ఎవ్వరు చెప్పలేదు. తాను వద్దన్ననాడు యంత్రము మానవచ్చునా యని రెండవది. మానవచ్చును, మానినపిమ్మట సామాన్యముగా వారము పదిదినములు, ఒకప్పుడు కొంచెము హెచ్చుగా గడచును, ఆ దినములలో ఆయాసము నొప్పి లేకుండ మందులిత్తుమని జవాబు. “ఇప్పుడు కాదులే. దారి యున్నదని తెలిసిన చాలు” అన్నది. చెల్లెలి యూరికి పోవచ్చునా యని మూడవది.

దీనికిమాత్రము వైద్యురాలు నవ్వినది. ఆ పల్లెకు దగ్గరి పట్టణములో డయాలిసిస్ కేంద్రము కలదట. రక్తపరీక్షల కాగితములును, మందుల వివరములును ముందుగా పంపి, దినములు కుదుర్చుకొనిన చాలును. ఇంత సులువైన పనికి మేమందరము కలిసి నాలుగేండ్లు అడ్డుపడితిమి.

అక్కగారి గుండె ఆ రాత్రి ఆగలేదు. ఆ రాత్రి తనకు నిద్ర చక్కగా పట్టినదని మరునాడు కోడలితో చెప్పినదట, మాకుమాత్రము పట్టలేదు. మాతో రెండుదినములు మాటాడలేదు. మూడవదినమున, “నీవుగూడ దాచితివి కదే!” యని ఒక్కమాట అని, ఆ వెంటనే ఏ చీరలు సర్దవలయునో చెప్పినది.

ఇప్పుడు కోనసీమలో నున్నది. మంగళ శుక్రవారములయందు చెల్లెలి అల్లుడు కారులో పట్టణమునకు తీసికొనిపోవుచున్నాడు. అప్పుడప్పుడు కాళ్ళు వాచుచున్నవట, ఒకసారి చికిత్స నడుమ స్పృహ తప్పినదట. నిన్న ఫోనులో మాటాడితిమి. చెల్లెలు మామిడికాయ ముక్కలు తరిగి ఉప్పులో ఊరవేసి యెండబెట్టగా, అక్కగారు నులకమంచముమీద కూర్చుండి కారము పాళ్ళు చెప్పి మాగాయ కలిపించినదట. తాను తినరాదని ఎరిగియు, కొనవ్రేలితో ఒక్కసారి నాలుకకు తగిలించుకొని చూచినదట. ఉప్పు చాలలేదన్నది.